చెరువుకి పెద్ద ముత్తయిదువ



వానాకాలం మొదలైందంటే చాలు, దినపత్రికల జిల్లా పేజీలో వొక ఫోటో తప్పకుండా పడుతుంది. ఇద్దరు మనుషులు కర్రకి కట్టి భుజాల మీద మోస్తున్న పెద్ద చేప. తోక నేలని రాసుకుంటూ వుంటుంది. చుట్టూ పిల్లలు. "వలకు చిక్కిన భారీ చేప" అని పైన శీర్షిక. బరువెంతో రాస్తారు. ఎంతకి అమ్ముడుపోయిందో రాస్తారు. దాని వయసెంతో మాత్రం రాయరు. ఆడదో మగదో అసలే రాయరు. అలాంటి చేప దొరికితే వుంచుకోవాలా, తిరిగి నీళ్ళలో వదిలెయ్యాలా అన్నది ఇవాళ మనం మాట్లాడుకునే విషయం.

"చేపలు పట్టేది మేమా? ఈ ప్రశ్నేదో గంగపుత్రుల్ని, ముదిరాజుల్ని అడగండి, మమ్మల్నెందుకు?" అంటారేమో. నిజమే. కాని వాళ్ళు పట్టేది మనం కొంటామనే గదా! ఫలానా చేపే కావాలని బజార్లో పేచీ పెట్టేది మనం. అందుకని ఈ ప్రశ్న చెరువుగట్టున ఆగకుండా మన వంటింటి గుమ్మం దాకా వస్తుంది.

తాండూరు అనగానే అందరికీ కందిపప్పు, నాపరాయి గుర్తొస్తాయి. చేపలెవరికీ గుర్తురావు. కాని తాండూరు పక్కనుంచే కాగ్నా నది పారుతుంది. అది కర్ణాటకలోకి పోయి భీమలో కలుస్తుంది, భీమ కృష్ణలో కలుస్తుంది. వికారాబాదుకీ తాండూరుకీ నడుమ కోట్‌పల్లి ప్రాజెక్టు వుంది. ఇవిగాక వూరూరా చెరువులు, కుంటలు. వేసవిలో కాగ్నా ఇసుక తేలి, అక్కడక్కడా మడుగులు మాత్రం మిగులుతాయి. చిన్న చెరువులు అడుగంటుతాయి. మూడు నాలుగేళ్ళకొకసారైనా అడుగు కనపడే చెరువులో ముసలి చేప ఎక్కడుంటుంది చెప్పండి? కాబట్టి మన వైపు ముసలి చేప అంటూ వుంటే అది ఎండని లోతు మడుగులోనో, పెద్ద జలాశయంలోనో వుండాలి. అది ఎన్నో వలలు తప్పించుకుని బతికిన చేపన్నమాట.

ఇక్కడొక మాట. బరువు వేరు, వయసు వేరు. మనం బొచ్చె అనీ, కట్ల అనీ పిలిచే చేప మేత బాగా దొరికే నీళ్ళలో మొదటి ఏడాదిలోనే కిలో దాకా పెరుగుతుంది. తర్వాత ఇంకా జోరందుకుంటుంది. అందుచేత పది కిలోల బొచ్చె కనపడగానే "పాపం, ముసలమ్మ" అనుకోనక్కరలేదు. అది మంచి తిండి తిన్న పడుచుపిల్ల కావచ్చు. మరి వయసు తెలిసేదెలాగ? జాతకం అక్కర్లేదు, దాని వొంటిమీదే రాసి వుంటుంది. పొలుసుని భూతద్దం కింద పెడితే చెట్టు మొద్దుని కోసినప్పుడు కనపడేలాంటి వలయాలు కనపడతాయి. ఎదుగుదల మందగించిన కాలంలో గీతలు దగ్గరపడతాయి. మన వేడి దేశంలో ఈ గీతలు చలి దేశాల్లోలా స్పష్టంగా వుండవు. అప్పుడు చెవిలోని రాయిని చూస్తారు. సముద్రం చేపల్లో కొన్నిటి తల తినేటప్పుడు పంటికింద తెల్లటి రాయిలాంటిది పడుతుంది చూడండి, అదే. చేప వొరగకుండా నిలబడి ఈదడానికీ, వినడానికీ అది పనికొస్తుంది. అది ఏటేటా పొర మీద పొర వేసుకుంటూ పెరుగుతుంది. తమాషా ఏమిటంటే, ఆ రాయీ మన వంటింట్లో పరిచిన తాండూరు బండా మూలంలో వొకే పదార్థం. రెండూ సున్నపురాయి జాతివే.

ఈ చెవిరాళ్ళు చదివే విద్య వచ్చాక చేపల వయసు గురించి మన లెక్కలన్నీ తలకిందులయ్యాయి. అమెరికాలో బిగ్‌మౌత్ బఫెలో అని వొక మంచినీటి చేప వుంది. దాన్ని అక్కడివాళ్ళు పనికిమాలిన చేప కింద జమకట్టి, రాత్రిపూట దీపాలు పెట్టుకుని సరదాకి బాణాలతో కొట్టి పారేసేవారు. మహా అయితే పాతికేళ్ళు బతుకుతుందని అంచనా. 2019లో ఆలెక్ లాక్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు దాని చెవిరాళ్ళు పరీక్షిస్తే వొక చేపకి 112 ఏళ్ళు తేలాయి! అంటే మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు పుట్టిన ప్రాణి. సరదాకి కొట్టి గట్టున పారేసిన వాటిలో అలాంటివి ఎన్ని పోయాయో. శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టైన్‌హార్ట్ అక్వేరియానికి 1938లో ఆస్ట్రేలియా నుంచి వొక ఊపిరితిత్తుల చేప వచ్చింది. దానికి మెథూసెలా అని పేరు. 2023లో లెక్కగడితే సుమారు 92 ఏళ్ళన్నారు. అంతదూరం ఎందుకు, మనం గాజుతొట్టెలో పెంచే గోల్డ్‌ఫిష్ సంగతే తీసుకోండి. ఇంగ్లండులో 1956లో వొక సంతలో గెలుచుకొచ్చిన గోల్డ్‌ఫిష్, దాని పేరు టిష్, 1999లో చచ్చిపోయింది. 43 ఏళ్ళు! పిల్లవాడి ముచ్చట కోసం కొన్న చేప, ఆ పిల్లవాడికి పిల్లలు పుట్టేదాకా వుంటుందని కొనేటప్పుడు ఎవరనుకుంటారు?

సరే, ముసలిదైతే ఏమిటి? ఎలాగూ పోయేదే గదా, తింటే తప్పేమిటి? ఈ ప్రశ్న న్యాయమైనదే. మన ఆడవాళ్ళ శరీర ధర్మాన్ని బట్టి చూస్తే ముసలితనమంటే కాన్పులు ఆగిపోయిన వయసు. చేపల్లో చాలావాటికి ఆ పద్ధతి లేదు. అవి బతికినన్నాళ్ళూ పెరుగుతూనే వుంటాయి, పెరిగినకొద్దీ మరింత గుడ్లు పెడతాయి. రెట్టింపు బరువుంటే రెట్టింపు గుడ్లే పెడుతుందని చాలాకాలం లెక్కవేసేవారు. 2018లో 342 రకాల సముద్రపు చేపల లెక్కలు తీసి చూస్తే, చాలా రకాల్లో ఆ లెక్క తప్పని తేలింది. అట్లాంటిక్ కాడ్ చేపనే తీసుకోండి. 30 కిలోల తల్లి వొక్కతే పెట్టే గుడ్లు, రెండేసి కిలోల తల్లులు 28 కలిసి పెట్టే గుడ్లకన్నా ఎక్కువ. ఆ ఇరవై ఎనిమిదింటి బరువూ కలిపితే 56 కిలోలు. అంటే బరువు సగం, సంతానం ఎక్కువ.

సంఖ్య వొక్కటే కాదు. అమెరికా పడమటి తీరంలో రాక్‌ఫిష్ అనే చేపల మీద 2004లో వొక పరిశోధన వచ్చింది. వయసు మళ్ళిన తల్లుల పిల్లలు పడుచు తల్లుల పిల్లలకన్నా వేగంగా పెరిగాయి, తిండి దొరక్కపోయినా ఎక్కువ రోజులు తట్టుకున్నాయి. పెద్ద తల్లి పిల్లకి కడుపులో ఎక్కువ నూనెబొట్టు మూటకట్టి పంపిస్తుందట. పుట్టింటినుంచి సారె పట్టుకొచ్చినట్టు! మన పేరంటాల్లో పెద్ద ముత్తయిదువని ముందు పిలిచి బొట్టు పెడతాం. ఆమె చేత్తో మొదలుపెడితే శుభమని మన నమ్మకం. నీళ్ళలో మాత్రం ఆ పెద్ద ముత్తయిదువనే ముందు వలవేసి లాగుతున్నాం.

ఇంతవరకు విని, "అయితే పెద్ద చేపలన్నిటినీ వదిలెయ్యాలన్నమాట" అని తీర్మానం చేసెయ్యకండి. ఏ చేప, ఏ నీళ్ళు అన్నది చూడాలి. మన బొచ్చె, రవ్వ, ఎర్రమోసు వున్నాయే, ఇవి నిలవ నీళ్ళలో గుడ్లు వదలవు. చెరువులో వాటికి గుడ్లు కడుపులో తయారవుతాయి గాని, కొత్త వరద నీటి పరుగు తగిలితే తప్ప బయటికి రావు. తగలకపోతే మెల్లిగా వొంట్లోనే ఇంకిపోతాయి. అందుకే పూర్వం చేప విత్తనం కోసం నదుల మీద ఆధారపడేవారు. 1957 జూలై 10న వొరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రజ్ఞుడు, అలికున్హి గారితో కలిసి, వొక చేప తలలోని పిట్యూటరీ గ్రంథి రసాన్ని ఇంకో చేపకి సూదిమందుగా ఇచ్చి గుడ్లు పెట్టించారు. నీలి విప్లవానికి అదే నాంది. ఇప్పటికీ జూలై పదో తేదీని మత్స్య రైతుల దినంగా జరుపుకుంటారు. తెలంగాణాలో 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో వుచితంగా వదిలించిన చేపపిల్లలన్నీ ఆ విద్య పుణ్యమే. కాబట్టి వూరిచెరువులో పెంచిన పెద్ద బొచ్చెని పట్టి తిన్నారనుకోండి, చెరువు వంశం ఏమీ నాశనం కాదు. అది నాటు వేసిన వరిలాంటిది. కోతకి వచ్చింది, కోశారు. దాన్ని నీళ్ళలోకి వదలడం దయ కావచ్చు గాని, చెరువుకి అందువల్ల వొక్క పిల్ల కూడా ఎక్కువ రాదు.

ఏరు కలిసే జలాశయం, పారే నది సంగతి వేరు. తొలకరికి వాగులు పొంగగానే, మత్తడి దూకగానే, చేపలు ఎదురెక్కుతాయి. పొలాల మీద పలచగా పరుచుకున్న కొత్త నీళ్ళు వెతుక్కుంటూ పోతాయి, గుడ్లు వదలడానికి. సరిగ్గా అప్పుడే మనవాళ్ళు బుట్టలూ చీరలూ అడ్డం పెట్టి పట్టేది! అప్పుడు చిక్కిన ముసలి తల్లిని వదిలితే నిజంగా ఫలితం వుంటుంది. వాలుగ లాంటి నాటు చేపలైతే మరీను. వాటికి సూదిమందు విత్తనం బొచ్చెకి దొరికినంత సులువుగా దొరకదు. నీళ్ళలో మిగిలిన తల్లులే వాటి విత్తనం.

ఇక కొర్రమీను. కొర్రమట్ట అనీ అంటారు. తెలంగాణా రాష్ట్ర చేప ఇదే. దీని కాపురం చూడతగ్గది. ఆలుమగలు కలిసి గడ్డి పక్కకి నెట్టి నీటి మీద గుండ్రంగా చోటు చేసుకుంటాయి. గుడ్లు పైన తేలతాయి. కాపలా కాస్తాయి. పిల్లలు ఎర్రగా, గుంపుగా నీటిమీద నడుస్తుంటే, కింద తల్లో తండ్రో వెన్నంటి వుంటుంది. ఆ ఎర్రటి గుంపే దాని ప్రాణం మీదకి తెస్తుంది. గుంపు కనపడిందంటే కింద పెద్దది వుందని తెలిసిపోతుంది గదా, బల్లెం వేస్తారు. పెద్దది పోయిన మరుక్షణం ఆ పిల్లల్ని మిగతా చేపలు పలహారం చేసేస్తాయి. వొక కూరకి వొక సంసారం మొత్తం పోతుందన్నమాట. ముసలిదైనా, పడుచుదైనా, పిల్లల మీద వున్న కొర్రమీనుని పట్టకూడదని నేనైతే గట్టిగానే చెబుతాను. ఇందులో ఎటూ కాని మాట లేదు.

మరి మన బజారు సంగతి చూడండి. మృగశిర కార్తె, అంటే జూన్ 8 ప్రాంతం. ఆ రోజు చేప తినకపోతే తెలంగాణాలో పండగ జరగనట్టే. ఎండలు తగ్గి వొక్కసారిగా చల్లబడే రోజుల్లో వొంటికి వేడి చేస్తుందని పెద్దలు పెట్టిన అలవాటు. హైదరాబాదులో బత్తినివారి చేప ప్రసాదం కూడా ఆనాడే. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చిన్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. దాని సంగతి అలా వుంచండి. మిగతా వూళ్ళలో ఆ రోజు బజారుకి వచ్చే పెద్ద చేపల్లో చాలావాటి కడుపులు నిండుగా వుంటాయి. ఎందుకంటే మనకి పండగైన రోజులే వాటికి కాన్పు రోజులు. అమ్మే ఆమె చేప పొట్ట నొక్కి చూపిస్తుంది: "గుడ్ల చేప అమ్మా, తీస్కోండ్రి, మల్ల దొర్కది." మనకీ గుడ్ల వేపుడంటే ప్రాణం. ధర ఎక్కువైనా కొంటాం. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న సామెత గోదావరి జిల్లాల్లో వూరికే పుట్టిందా? పులస కూడా గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదిలోకి ఎదురొచ్చే తల్లే.

పెద్ద చేప మీద మనకింత మోజు ఎందుకంటే, వొక మంచి కారణం కూడా వుంది. ముళ్ళు. చిన్న బొచ్చెలో, రవ్వలో సన్నటి చీలిక ముళ్ళు వుంటాయి. పిల్లలకి పెట్టాలంటే భయం. పెద్ద చేపలో ముళ్ళు లావుగా వుండి చేతికి దొరుకుతాయి. తలకాయ పులుసు సరేసరి. ఇది కాదనలేను. కాని మరీ ముసలి చేప మాంసం ముదిరి పీచుగా వుంటుంది. వండిన వాళ్ళకి తెలుసు. ఇంకొకటి, వేరే చేపల్ని తిని బతికే పెద్ద చేపల వొంట్లో ఏళ్ళ తరబడి పాదరసం పేరుకుంటుంది. గర్భిణులూ, పసిపిల్లలూ అలాంటివి తగ్గించి, చిన్న చేపలు తినడం మంచిదని వైద్యులు చెబుతారు. బాలింతకి పెట్టే సొరపుట్టుకి కూడా ఇదే జాగ్రత్త. పెద్ద సొర కాకుండా చిన్న పిల్ల సొర చూసుకోవాలి.

వదలడం గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. వదిలేస్తే చాలు, పుణ్యం వచ్చిందనుకోవడం తేలిక. మొప్పల్లోంచి రక్తం కారుతున్నదాన్ని, గంటసేపు గట్టున పడేసి వూరంతా ఫోటోలు దిగినదాన్ని నీళ్ళలోకి తోస్తే అది రెండు బారలు ఈది, అడుగున చచ్చిపోతుంది. ఎవరికీ కాకుండా పోతుంది. వదిలేటట్టయితే చెయ్యి తడుపుకుని పట్టుకోవాలి. పొడిచేత్తో పట్టుకుంటే వొంటిమీది జిగురు వూడి రోగం అంటుకుంటుంది. మొప్పల్లో వేళ్ళు దూర్చకూడదు. వీలైతే నీళ్ళలోంచి పైకే తియ్యకూడదు. అది తనంతట తాను తోక విదిల్చి పోయేదాకా నీళ్ళలోనే ఆసరాగా పట్టుకోవాలి.

సరదాకి గాలం వేసేవాళ్ళలో ఈ తర్జనభర్జన చాలాకాలంగా వుంది. 1946లో మైసూరు దగ్గర కబిని నదిలో వాన్ ఇంగెన్ అనే ఆయన 120 పౌన్ల మహసీర్‌ని పట్టాడు. అది రికార్డు. ఆయన కుటుంబానిది చచ్చిన పులుల్ని, చిరుతల్ని బతికున్నట్టు నిలబెట్టే వృత్తి. ఆ కాలంలో పెద్ద చేప అంటే గోడ మీద తగిలించుకునే వస్తువు. ఆ కావేరి మహసీరే 2018లో అంతరించిపోయే ప్రమాదం మరీ ఎక్కువగా వున్న జాతుల పట్టికలోకి ఎక్కింది. తర్వాతి తరం గాలగాళ్ళు పట్టిన చేపని తూచి, ఫోటో తీసి వదిలెయ్యడం నేర్చుకున్నారు. అదే కర్ణాటకలో శృంగేరిలో, తుంగ మెట్ల దగ్గర పెద్ద పెద్ద మహసీర్లు యాత్రికులు వేసే మరమరాలు తింటూ తిరుగుతాయి. వాటి జోలికి ఎవరూ పోరు. రెండూ మహసీర్లే, వొకచోట గోడమీద, వొకచోట గుడి మెట్ల దగ్గర!

వుంచుకోవడంలో ఇంకో రకం వుంది, చంపకుండా వుంచుకోవడం. ఇంగ్లండులో 1952లో రిచర్డ్ వాకర్ అనే ఆయన రెడ్‌మైర్ కొలనులో 44 పౌన్ల కార్ప్ చేప పట్టి లండన్ జంతు ప్రదర్శనశాలకి ఇచ్చాడు. దానికి క్లారిస్సా అని పేరు పెట్టారు. 1971 దాకా గాజు వెనక బతికింది. లెక్కలేనంతమంది చూశారు, చేపల మీద ప్రేమ పుట్టింది. కాని తాను బతికిన కొలనులో దాని సంతానం మరి పెరగలేదు. దీనికి ఎదురు కథ బెన్సన్ అనే చేపది. అరవై పైచిలుకు సార్లు గాలానికి తగిలి, ప్రతిసారీ వదిలిపెట్టబడి, చివరికి 2009లో శవమై తేలింది. వదిలేస్తున్నాం గదా అని మళ్ళీ మళ్ళీ పట్టడం ఏ రకం దయో నాకు బోధపడదు. తినడానికి వొకసారి చంపడం కన్నా అది గొప్పదని నేననుకోను.

మన భాగవతంలో మత్స్యావతారం కథ గుర్తుంది గదా! సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణం వదులుతుంటే దోసిట్లోకి చిన్న చేపపిల్ల వచ్చింది. నీళ్ళలోకి వదలబోతే, "పెద్ద చేపలు తినేస్తాయి, నన్ను వదలవద్దు" అని బతిమాలింది. కమండలంలో పెట్టాడు. పెరిగింది. చిన్న నీళ్ళలోంచి పెద్ద నీళ్ళలోకి మారుస్తూ, చివరికి సముద్రానికి చేర్చాడు. చిన్నప్పుడు కాపాడి పెద్దయ్యాక వదిలాడు రాజు. మనం పిల్లల్ని కన్ను దగ్గర వలతో వూడ్చేస్తాం, పెద్దవాటిని వేటాడి పట్టుకుంటాం. అమెరికాలో కొన్నిచోట్ల గాలం వేసేవాళ్ళకి ఈ రాజుగారి పద్ధతికి దగ్గరగా వుండే చట్టమే వుంది. మరీ చిన్నదీ, మరీ పెద్దదీ రెండూ వదలాలి. మధ్య సైజువి ఇంటికి తెచ్చుకోవచ్చు.

ఇంట్లో గాజుతొట్టె వున్నవాళ్ళకి వొక హెచ్చరిక. పెంచిన చేప పెద్దదైందని, తొట్టె చాలడం లేదని జాలిపడి చెరువులో వదలకండి. సక్కర్ అని గాజు నాకే చేప వుంటుందే, దాన్ని అలా వదిలినందువల్లే మన నీళ్ళలో దయ్యం చేపై కూర్చుంది. బజార్లో బతికున్న క్యాట్‌ఫిష్‌ని కొని పుణ్యానికి వదలడం కూడా అంతే. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ మన దేశంలో నిషేధం. అది చెరువులో పడితే నాటు చేపలకి యముడే.

చివరిగా, అన్నిటికన్నా చిక్కు ముడి. కోట్‌పల్లిలోనో, కాగ్నా మడుగులోనో వొక మత్స్యకారుడికి ఇరవై కిలోల ముసలి తల్లి చిక్కిందనుకోండి. ఆ రోజు అతని ఇంట్లో బియ్యం, పిల్లవాడి ఫీజు అన్నీ దానిలోనే వున్నాయి. మనం సోఫాలో కూర్చుని "అయ్యో, వదిలెయ్యకూడదూ!" అంటే, మన ధర్మం అతని ఖర్చుతో చెయ్యడమవుతుంది. వదలమనేవాళ్ళు దాని ఖరీదులో పాలు పంచుకోవాలి. సహకార సంఘాలు తల్చుకుంటే, కొత్త వరద రోజుల్లో చిక్కిన నాటు తల్లులకి సంఘం సొమ్ములోంచి ఆ సభ్యుడికి కొంత ముట్టజెప్పి వదిలించవచ్చు. విత్తన కేంద్రాలకి కూడా అప్పుడప్పుడు నదిలోని కొత్త రక్తం కావాలి. వొకే కుటుంబంలో పిల్లని ఇచ్చి పుచ్చుకుంటూ పోతే వచ్చే ఇబ్బంది చేపలకీ వుంది.

మన వంతుకి వచ్చేది చిన్న పనే. మృగశిరకి చేప మానెయ్యమని ఎవరూ అనరు, అన్నా వినేవాళ్ళెవరు! గుడ్ల చేపే కావాలని పట్టు పట్టకుండా, చెరువులో పెంచిన రెండు కిలోల రవ్వనో, బొచ్చెనో అడగండి. కొర్రమీనైతే ఏ నీళ్ళలోదో అడగండి, పెంచినవి కూడా దొరుకుతున్నాయి. నాలుగిళ్ళవాళ్ళు అడిగితే అమ్మేవాళ్ళు రేపు అదే తెస్తారు. ఇక ముళ్ళ భయమంటారా, ముక్కల మీద రెండు పక్కలా కత్తితో దగ్గర దగ్గరగా గాట్లు పెట్టండి, దారం మందాన వొక గాటు. సన్న ముళ్ళు అక్కడే తెగిపోతాయి. వుప్పు, పసుపు, కారం, కాస్త నిమ్మరసం పట్టించి వో అరగంట వుంచి, సెగ తగ్గించి కరకరలాడేటట్టు వేయించండి. మరీ చిన్నపిల్లలకి మాత్రం వెన్ను దగ్గరి ముక్క వొలిచి, చూసి పెట్టండి.